స్ప్రేనా, జెల్లా, తడిగుడ్డా? ఇంటి రసాయనాల్లో ఊపిరితిత్తులకు తక్కువ హాని చేసేదాన్ని ఎంచుకోవడం

బొద్దింకల మందు కొనడానికి దుకాణానికి వెళితే ఒకే పనికి నాలుగు రకాలు కనిపిస్తాయి. డబ్బాలో స్ప్రే, సిరంజిలో జెల్, పొడి, చాక్‌పీసు. మనం ధర చూస్తాం, ఎంత త్వరగా చంపుతుందో అడుగుతాం, వాసన ఘాటుగా ఉందా లేదా అని ఆలోచిస్తాం. అందులో ఎంత భాగం మన ఊపిరితిత్తుల్లోకి చేరుతుందని మాత్రం అడగం. నా సలహా అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మందు వేసిన చోటే ఉండిపోతుందా, గాలిలోకి లేస్తుందా? దోమల మందైనా, బాత్రూమ్ కడిగే ద్రవమైనా, ఒంటికి కొట్టుకునే సెంటైనా ముందు ఈ ప్రశ్నతో వడగట్టండి. అందులో ఏ రసాయనం ఉందన్నది తర్వాతి ప్రశ్న.

రూపం ఎందుకంత ముఖ్యం

తుంపర ఎంత సన్నగా ఉంటే అంత లోపలికి వెళుతుంది. పది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పెద్ద బిందువులు చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. అంతకంటే చిన్నవి శ్వాసనాళాల్లోకి దిగుతాయి. రెండున్నర మైక్రాన్ల లోపువి, రక్తంలోకి ప్రాణవాయువు చేరే వాయుగోణుల దాకా వెళ్లగలవు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి ఇవి కంటికి కనిపించవు. వాసన పోయింది కదా, గాలి శుభ్రపడిందనుకుంటే పొరపాటే.

గ్యాస్ ఒత్తిడితో పనిచేసే డబ్బాలు, చేత్తో నొక్కే సీసాల కంటే చాలా సన్నని తుంపరను చిమ్ముతాయి. ఈ తేడా ఏం చేయగలదో 2006లో జర్మనీలో తెలిసింది. గాజు, టైల్స్ మీద మరకలు పట్టకుండా కొట్టుకునే ఒక స్ప్రే మార్కెట్లోకి వచ్చిన కొద్ది రోజుల్లోనే సుమారు వంద మంది దగ్గు, ఆయాసంతో బాధపడ్డారు. కొందరి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. అదే తరహా ఉత్పత్తిని అంతకుముందు చేత్తో నొక్కే సీసాలో అమ్మినప్పుడు ఇలాంటి ఫిర్యాదులు రాలేదు.

దక్షిణ కొరియాలో జరిగింది ఇంకా ఘోరం. అక్కడ చలికాలంలో గదిలో తేమ కోసం ఆవిరి యంత్రాలు వాడతారు. ఆ యంత్రాల నీటిలో క్రిములు పెరగకుండా కలిపే ద్రవాలను 1994 నుంచి అమ్మారు. వాటిలో ఎక్కువగా వాడిన పీహెచ్‌ఎంజీ అనే రసాయనం వస్తువుల్ని తుడవడానికి, కడగడానికి వాడినంతకాలం పెద్దగా ప్రమాదకరమని ఎవరూ అనుకోలేదు. యంత్రం దాన్ని సన్నని మంచులా గదంతా నింపడంతో గర్భిణుల, బాలింతల, పసిపిల్లల ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. 2011లో ఆసుపత్రుల్లో ఇలాంటి కేసులు గుంపుగా కనిపించేదాకా కారణం బయటపడలేదు. మృతుల సంఖ్య వెయ్యి దాటింది. చర్మానికి తగిలితే ఏమీ చేయని పదార్థం ఊపిరితిత్తులకూ ఏమీ చేయదని అనుకోకూడదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే సంఘటన నాకు తెలియదు.

మన దగ్గర కూడా 2020లో కరోనా భయంతో మనుషుల మీదే సోడియం హైపోక్లోరైట్ అనే బ్లీచింగ్ ద్రవం చల్లే సొరంగాలు కట్టారు. అది వైరస్ నుంచి రక్షించదని, పైగా ముక్కు, గొంతు, శ్వాసనాళాలు దెబ్బతినవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ ఆ ఏడాది ఏప్రిల్‌లోనే చెప్పింది. నవంబరులో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకుంది.

మామూలు ఇళ్లలో మామూలు వాడకం మాటేమిటి? ఐరోపాలోని పది దేశాల్లో, ఉబ్బసం లేకుండా తమ ఇంటిని తామే శుభ్రం చేసుకునే 3,503 మందిని ఏళ్ల తరబడి గమనించి 2007లో ఫలితాలు ప్రచురించారు. వారానికి ఒకసారైనా స్ప్రేలు వాడేవారిలో ఉబ్బసం లక్షణాలు వచ్చే అవకాశం దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంది. అద్దాలు తుడిచే స్ప్రేలు, ఫర్నిచర్ స్ప్రేలు, గదికి సువాసన ఇచ్చే స్ప్రేలు ఇందులో ముందున్నాయి. స్ప్రే రూపంలో లేని శుభ్రతా ద్రవాలకు ఆ సంబంధం కనిపించలేదు. నేను రూపాన్ని ముందు పెట్టడానికి ముఖ్య కారణం ఇదే.

అలాగని స్ప్రే మానేస్తే చాలని కూడా చెప్పలేను. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం వారు 6,235 మందిని ఇరవై ఏళ్లపాటు గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఇల్లు శుభ్రం చేసే స్త్రీలలో, ఆ పనే వృత్తిగా ఉన్న స్త్రీలలో ఊపిరితిత్తుల సామర్థ్యం ఇతరుల కంటే వేగంగా తగ్గింది. అక్కడ స్ప్రేలతోపాటు ఇతర శుభ్రతా రసాయనాలకూ ఆ తగ్గుదలతో సంబంధం కనిపించింది. అందుకే రూపం చూసిన తర్వాత రసాయనం ఘాటు కూడా చూడాలి.

దోమలకు ఏది

తెలుగు ఇళ్లలో ఎక్కువ డబ్బు, ఎక్కువ పొగ ఖర్చయ్యేది ఇక్కడే. కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి.

అన్నిటికంటే చివరి స్థానం నేను కాయిల్‌కే ఇస్తాను. చైనా, మలేసియాల్లో అమ్మే కాయిళ్లను పరీక్షించి 2003లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉండేంత. కాయిల్‌లో దోమల మందు చాలా తక్కువ, మిగిలినదంతా రంపపు పొట్టు, కొబ్బరి చిప్ప పొడి లాంటి కాలే పదార్థమే. ఆ కాలే పదార్థమే ఊపిరితిత్తులకు అసలు బరువు. మంచం కింద కాయిల్ వెలిగించి, తలుపులు బిగించుకుని పడుకునే ఇళ్లు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. ఆ అలవాటు ముందు మానండి. తప్పదనుకుంటే వరండాలోనో, తలుపు బయటో పెట్టండి.

దోమల అగరుబత్తీలు ఇంకా అనుమానించాల్సినవి. 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం ఇంట్లో వాడే దోమల మందుకు కూడా కేంద్ర పురుగుమందుల బోర్డులో రిజిస్ట్రేషన్ ఉండాలి. వీధి చివర చవకగా అమ్మే చాలా బత్తీల ప్యాకెట్ల మీద ఆ నంబరు ఉండదు. "వేప", "తులసి", "సహజం" అన్న మాటలు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటాయి. లోపల ఏ మందు, ఎంత మోతాదులో ఉందో తెలియనిదాన్ని రాత్రంతా పీల్చడం సరికాదు. నంబరు లేకపోతే కొనకండి.

ప్లగ్గుకు పెట్టే లిక్విడ్ మెషిన్ పొగ రానివ్వదు కాబట్టి కాయిల్ కంటే మేలు. కాని అది గాలిలోకి వదిలేది కూడా పురుగుమందు ఆవిరినే. ట్రాన్స్‌ఫ్లుథ్రిన్, ప్రాలెథ్రిన్ లాంటి పైరిత్రాయిడ్ రకం పురుగుమందులు ఇందులో ఎక్కువగా ఉంటాయి. ఏసీ గదిలో కిటికీలన్నీ మూసి, తలగడ పక్కనున్న ప్లగ్గులో రాత్రంతా హై మీద పెట్టడం దీన్ని వాడే పద్ధతి కాదు. పడుకోవడానికి గంట ముందు వేసి, దోమలు తగ్గాక ఆపేసి, కాసేపు కిటికీ తెరిచి తర్వాత పడుకోండి. మెషిన్ మంచానికి దూరంగా ఉండే ప్లగ్గులో ఉండాలి.

డబ్బా స్ప్రే విషయంలో నాది మధ్యస్థమైన అభిప్రాయం. రోజూ సాయంత్రం గదిలో గాలిలోకి కొట్టి, పది నిమిషాల్లో పిల్లల్ని అదే గదిలో పడుకోబెట్టే పద్ధతి కచ్చితంగా వద్దు. వాటిలో మందుతోపాటు పెట్రోలియం ద్రావకం, డబ్బాను నడిపే గ్యాస్ కూడా ఉంటాయి. ఎప్పుడో ఒకసారి, ఖాళీ గదిలో, మంచం కింద, అల్మరా వెనక కొట్టి, తలుపు మూసి, తర్వాత అరగంటైనా కిటికీలు తెరిచి ఫ్యాను వేస్తే నష్టం చాలా తగ్గుతుంది. తుంపర చివరికి దిగేది నేల మీదకే. పాకే బిడ్డ ఉంటే నేల తడిగుడ్డతో తుడవాలి.

వీటన్నిటి కంటే ముందు ఉండాల్సినవి కిటికీ జాలీ, దోమతెర. ఇది పాతకాలపు సలహా అనిపించవచ్చు. కాని గాలిలోకి ఏమీ వదలకుండా దోమను ఆపేవి ఇవే. జాలీకి ఒకసారి పెట్టే ఖర్చు, ఏడాది పొడవునా కొనే రీఫిళ్ల ఖర్చుతో పోల్చి చూసుకోండి. దోమలు బలహీనంగా ఎగురుతాయి కాబట్టి ఫ్యాను గాలి కూడా పనిచేస్తుంది. డెంగీ తెచ్చే దోమ పగలే కుడుతుందన్నది మర్చిపోకూడదు. రాత్రిపూట గది నిండా మందు కొట్టినంత మాత్రాన ఆ దోమ నుంచి రక్షణ రాదు. కూలర్‌లో, పూలకుండీ పళ్లెంలో, డాబా మీద డ్రమ్ములో నిలిచిన నీళ్లు వారానికోసారి పారబోయడమే దానికి అసలు మందు. బయటికి వెళ్లే పిల్లలకు చర్మానికి రాసే క్రీము మంచిది, అది గాలిలో కలవదు.

సాంబ్రాణి గురించి కూడా చెప్పాలి. పసిపాపకు స్నానం చేయించి సాంబ్రాణి పొగ పట్టడం మన ఇళ్లలో ప్రేమతో చేసే పని. దోమలకు వేపాకు పొగ వేయడం కూడా అంతే. కాని పొగ ఏ ఆకుదైనా, ఏ బంకదైనా దానిలో సన్నని ధూళి ఉంటుంది. నెలల పాప శ్వాసనాళాలు ఎంతో ఇరుకుగా ఉంటాయి, బరువుతో పోలిస్తే పెద్దల కంటే ఎక్కువ గాలి పీలుస్తుంది. ఇంట్లో అమ్మమ్మతో ఈ విషయంలో వాదన పెట్టుకోనక్కర్లేదు. పూజగదిలో వేసుకోమని, పాప జుట్టును మెత్తటి బట్టతో ఆరబెట్టమని నెమ్మదిగా అడిగితే చాలు. కడుపులో పాప ఉన్నప్పుడే ఈ మాట మాట్లాడుకుంటే ఇంకా సులువు.

బొద్దింకలకు, చీమలకు

ఇక్కడ నాకు ఏ సందేహమూ లేదు. జెల్ కొనండి. ఇమిడాక్లోప్రిడ్ లేదా ఫిప్రోనిల్ ఉన్న జెల్‌ను సింకు కింద, అల్మరా మడతబందుల దగ్గర, ఫ్రిజ్ వెనక, గ్యాస్ గట్టు అంచుల్లో చిన్న చిన్న చుక్కలుగా పెడితే బొద్దింక తిని, గూటికి వెళ్లి చస్తుంది. దాని కళేబరాన్ని, మలాన్ని తిన్నవీ చస్తాయి. గాలిలోకి ఏమీ రాదు. స్ప్రే కనిపించిన బొద్దింకనే చంపుతుంది, గోడ పగుళ్లలో ఉన్నవాటిని ఇంకో మూలకు తరుముతుంది. స్ప్రే కొడితే ఎదురుగా వెల్లకిలా పడిపోతుంది కాబట్టి అదే బాగా పనిచేస్తుందని అనిపిస్తుంది. జెల్‌కు వారం పది రోజులు ఓపిక పట్టాలి. జెల్ పెట్టిన చోట స్ప్రే గాని, ఘాటైన ఫినాయిల్ గాని కొట్టకండి. ఆ వాసనకు బొద్దింకలు జెల్ దగ్గరికి రావు.

వంటింట్లో స్ప్రే వద్దనడానికి ఇంకో కారణం నిప్పు. చాలా డబ్బాల్లో తుంపరను తోసేది మన పొయ్యికి వచ్చే ఎల్పీజీ లాంటి వాయువులే. పొయ్యి వెలుగుతుండగా గట్టు కింద స్ప్రే కొట్టి మంటలు అంటుకున్న సంఘటనలు ఉన్నాయి.

బొద్దింకల్ని వదిలేయడం కూడా పరిష్కారం కాదు. వాటి మలం, రాలిన పెంకులు ఉబ్బసాన్ని రేపే ముఖ్య కారణాల్లో ఒకటి. ఉబ్బసం ఉన్న పిల్లవాడి ఇంట్లో బొద్దింకల్ని వదిలించాల్సిందే, స్ప్రే లేకుండా వదిలించాలి. పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిస్తే ముందే ఫోనులో "జెల్ ట్రీట్‌మెంట్ మాత్రమే" అని చెప్పండి. చీమలకైతే దారి మూసేయడం, సబ్బునీళ్లతో తుడవడం చాలాసార్లు సరిపోతుంది. చాక్‌పీసు గీతలు పిల్లల చేతికి, నోటికి అంటుతాయి, వాటినీ నేను కొనమనను.

డబ్బా మీద ముక్కోణం గుర్తు చూసే అలవాటు మంచిదే. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అన్న వరుసలో విషం తగ్గుతుంది. కాని ఆ రంగు ప్రధానంగా మింగితే, చర్మానికి తగిలితే ఎంత ప్రమాదమో చెబుతుంది. ఆకుపచ్చ ముక్కోణం ఉంది కదా అని గది నిండా కొట్టవచ్చని అర్థం చేసుకోకండి.

బాత్రూమ్, నేల, అద్దాలు

ఇంటి రసాయనాల్లో ఒక్క క్షణంలో ఆసుపత్రికి చేర్చగలిగేది బాత్రూమ్‌లోనే ఉంటుంది. యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయుధంగా వాడిన వాయువు అదే. మరకలు పోలేదని టాయిలెట్‌లో యాసిడ్ క్లీనర్ పోసి, దాని మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లి, తలుపు దగ్గరికి వేసి రుద్దే అలవాటు చాలామందికి ఉంది. బ్లీచ్‌తో వెనిగర్ కలిపినా, నిమ్మ ఉప్పు కలిపినా క్లోరిన్ వస్తుంది. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్ కలిపితే క్లోరమిన్ అనే ఇంకో ఘాటు వాయువు వస్తుంది. చిట్కాల వీడియోలు చూసి రెండు సీసాలు కలిపేముందు ఇది గుర్తు తెచ్చుకోండి. ఒక రోజు ఒకటే వాడండి.

మరి ఏది ఎంచుకోవాలి? బోరు నీటి తెల్లమరకలకు నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లు పోసి, అరగంట నానబెట్టి రుద్దండి. పాతబడిన గట్టి మరకైతే రెండు మూడు సార్లు చేయాలి, శ్రమ ఉంటుంది. టాయిలెట్ లోపలికి చిక్కటి క్లీనర్‌ను వంపు తిరిగిన మెడ ఉన్న సీసాతో అంచు కింద పోసే పద్ధతి, క్యాన్లలో విడిగా అమ్మే పొగలు కక్కే యాసిడ్ కంటే ఎన్నో రెట్లు మేలు. ఆ విడి యాసిడ్ ఇంటికి తెచ్చుకోవద్దు.

రోజూ నేల తుడవడానికి సబ్బునీళ్లు చాలు. ఫినాయిల్ వాసన వస్తేనే శుభ్రమన్న భావన మనలో బలంగా నాటుకుపోయింది. ఇంట్లో వాంతులు, విరేచనాలు అయినప్పుడు, పెంపుడు జంతువు మలం ఉన్నప్పుడు క్రిమిసంహారిణి వాడండి, మిగిలిన రోజుల్లో దాని అవసరం లేదు. వాడినప్పుడు సీసా మీద చెప్పినంత నీరు కలపండి.

అద్దాలకు, డైనింగ్ టేబులుకు స్ప్రే సీసా ఇప్పటికే ఇంట్లో ఉంటే పారేయనక్కర్లేదు. అద్దం మీద కొట్టే బదులు, గుడ్డను దగ్గరగా పట్టుకుని గుడ్డ మీద కొట్టి తుడవండి. అదే ద్రవం, అదే మెరుపు, ముఖం ముందు తుంపర మాత్రం ఉండదు. వెనిగర్ నీళ్లు స్ప్రే సీసాలో పోసినా ఇదే నియమం, పుల్లటి తుంపర కూడా గొంతును గీరుతుంది.

ఇంటిపనికి వచ్చే ఆవిడ గురించి ఆలోచించకుండా ఈ భాగం ముగించలేను. మన ఇంట్లో వారానికి రెండుసార్లు కడిగే బాత్రూమ్ మనకు ఒకటే. ఆమె రోజుకు నాలుగైదు ఇళ్లలో అదే గాలి పీలుస్తుంది. బెర్గెన్ అధ్యయనంలో ఊపిరితిత్తుల సామర్థ్యం ఎక్కువగా తగ్గినవారిలో వృత్తిగా శుభ్రం చేసే స్త్రీలు ఉన్నారు. యాసిడ్ కొనకపోవడం, ఎగ్జాస్ట్ ఫ్యాను పనిచేసేలా ఉంచడం, "తలుపు తెరిచి చెయ్యండమ్మా" అని చెప్పడం, దగ్గుతుంటే ఆ పని ఆ రోజుకు వద్దనడం మన చేతిలో ఉన్నవి.

సువాసనలు

గదికి కొట్టే సువాసన స్ప్రేలు, కొన్ని నిమిషాలకోసారి తనంతట తానే చిమ్మే గోడ యంత్రాలు పూర్తిగా అనవసరమైనవని నా అభిప్రాయం. అవి దుర్వాసనను తీసేయవు, దాని మీద ఇంకో వాసన కప్పుతాయి. నిమ్మ, నారింజ వాసనల్లో ఉండే లిమోనిన్ అనే పదార్థం గాలిలోని ఓజోన్‌తో కలిసి ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు వాయువును పుట్టిస్తుంది. చెత్తడబ్బా కడిగి, తడి తువ్వాళ్లు ఎండలో ఆరేసి, బాత్రూమ్ జాలీ శుభ్రం చేస్తే సమస్య మూలంలో పోతుంది. కారులో అయితే గాలి పరిమాణమే చాలా తక్కువ, అక్కడ అసలు వద్దు.

బీరువాల్లో వేసే కలరా ఉండలు స్ప్రే కాకపోయినా నెమ్మదిగా ఆవిరవుతూ ఉంటాయి, ఆ నాఫ్తలీన్ ఆవిరిని మనం పీలుస్తాం. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పసిపిల్లల్లో దీనివల్ల ఎర్ర రక్తకణాలు పగిలి తీవ్రమైన కామెర్లు రావచ్చు. పుట్టబోయే పాప కోసం దాచిన పాత బట్టల్లో ఇవి వేయకండి. వేసి ఉంటే ఉతికి, ఎండలో బాగా ఆరేయకుండా తొడగకండి.

ఒంటికి వాడేవాటిలో గ్యాస్ డబ్బా డియోడరెంటు కంటే రోల్‌ఆన్, స్టిక్ మేలు. బాత్రూమ్‌లో తలుపు వేసుకుని మేఘంలా కొట్టుకునే టీనేజీ పిల్లలకు ఉబ్బసం ఉంటే, వాళ్ల ఇన్‌హేలర్ వాడకం పెరగడానికి కారణం ఎక్కడుందో ఒకసారి అక్కడ వెతకండి.

స్ప్రే తప్పనిసరి అయితే, తేడా చేస్తే

ఉబ్బసం, సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై ఏళ్ల తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవారు, గర్భిణి, ఏడాది లోపు పాప ఇంట్లో ఉంటే స్ప్రే పని ఇంకొకరు చేయాలి, వాళ్లు ఆ గదిలో ఉండకూడదు. కెనడాలో 2,022 మంది పసిపిల్లల మీద జరిపి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, మూడు నాలుగు నెలల వయసులో శుభ్రతా రసాయనాలు ఎక్కువగా వాడిన ఇళ్ల పిల్లలకు మూడేళ్లకు ఉబ్బసం ఎక్కువగా కనిపించింది. ఎన్-95 మాస్కు తుంపరను చాలావరకు ఆపుతుంది, వాయువుల్ని ఆపదు. ముక్కుకు కట్టుకునే తడిగుడ్డ మీద అంత నమ్మకం పెట్టుకోకండి.

దగ్గు తెరలుగా వచ్చినా, ఛాతీ పట్టేసినట్లున్నా, పిల్లికూతలు వినిపించినా ముందు ఆ గది నుంచి బయటికి, బయటి గాలిలోకి రావాలి. బట్టల మీద పడితే మార్చుకోవాలి, కళ్లు మండితే పదిహేను నిమిషాలపాటు నీళ్లతో కడగాలి. ఉబ్బసం ఉన్నవారు డాక్టరు ముందే రాసిచ్చిన ఇన్‌హేలర్ తీసుకోవాలి. మాట పూర్తి చేయలేనంత ఆయాసం వస్తే, పెదాలు నీలంగా మారితే వెంటనే 108కు ఫోన్ చేయండి. క్లోరిన్ లాంటి వాయువు పీల్చినప్పుడు మొదట కాస్త తగ్గినట్లనిపించి, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. అందుకే ఘాటుగా పీల్చినవారు బాగానే ఉన్నామన్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. వెళ్లేటప్పుడు ఆ సీసాను, ఆ డబ్బాను మూత గట్టిగా బిగించి వెంట పట్టుకెళ్లండి. ఏవి కలిపారో కూడా దాచకుండా చెప్పండి, చికిత్స దాన్ని బట్టే మొదలవుతుంది.